మేకపోతు వీర్యాన్ని చలిలో దాచిన కథ



కొన్నేళ్ళ కిందట మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ఊరి రచ్చకట్ట మీద పాడిపశువుల గురించి సభ జరిగింది. ఆవులకు, బర్రెలకు కృత్రిమ గర్భోత్పత్తి చేయిస్తే ఎంత లాభమో నేను చెప్పుకుంటూ పోతున్నాను. వెనక కూర్చున్న ఒక అవ్వ, మేకలు కాచుకొనే మనిషి, చేతికర్ర ఊతంగా లేచి నిలబడి, “బర్రెకు సూది తెస్తిరి, ఆవుకు సూది తెస్తిరి. మరి నా మ్యాక ఏం పాపం జేసింది సారూ?” అని అడిగింది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. జవాబు తెలియనప్పుడు ఉద్యోగి చేసే పని అదే గదా!

ఇంటికి పోయిన తరువాత ఆ ప్రశ్న నన్ను వదలలేదు. నేను వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి, పశువైద్యుణ్ణి కాను. తెలిసిన పశువైద్యులను అడిగాను, పుస్తకాలు తిరగవేశాను. తీరా చూస్తే ఆ ప్రశ్న ఒక్క అవ్వది కాదు. ఇంగ్లండు, జపాను, ఫ్రాన్సు, ఆస్ట్రేలియా దేశాల శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి తల బద్దలు కొట్టుకొన్న ప్రశ్నే అది. మన దేశపు శాస్త్రజ్ఞుడొకరు కూడా అందులో చేయి వేశారు. ఆ కథ మీకు చెబుతాను. మధ్యలో నేను చేసిన తప్పు ఒకటి ఉన్నది, దానినీ దాచను.

ముందుగా పోతు సంగతి చూడండి. మన పల్లెలలో పది పదిహేను మేకలు పెంచే ఇళ్ళన్నీ కలిపి ఒక పోతు మీద ఆధారపడతాయి. ఆ పోతుకు పుట్టిన పెంటిపిల్లలు ఏడాది తిరిగేసరికి ఎదకు వస్తాయి. అప్పటికీ మందలో ఉండేది ఆ పోతే. తండ్రే బిడ్డల మీద దాటుతాడు. ఇది ఒక నష్టం. ఇంతకన్న పెద్ద నష్టం మరొకటి ఉన్నది. ఈతలో అందరికన్న ముందు ఎదిగిన పోతుపిల్ల ఎవరి కంట పడుతుంది? మాంసపు బేరగాడి కంట. పండుగో, జాతరో, ఇంట్లో పిల్లవాడి ఫీజో వస్తుంది, పిల్ల అమ్ముడు పోతుంది. మందలో మిగిలేది ఎవరూ బేరం ఆడని బక్కపోతు. దానినే విత్తనానికి వాడుకొంటాము. జొన్నలో మంచి కంకులు తిని, తాలు గింజలు విత్తనానికి దాచుకొనే రైతు ఎవడైనా ఉంటాడా? మేకల విషయంలో మాత్రం తెలియకుండా ఆ పనే చేస్తున్నాము. 2019 పశుగణన ప్రకారం మన దేశంలో 14 కోట్ల 88 లక్షల మేకలున్నవి. వాటిలో ఎక్కువ భాగం సన్నకారు రైతులవీ, భూమి లేని కూలివారివీ.

మంచి పోతు ఒక్కటి దొరికితే దాని బీజాన్ని నూరు ఊళ్ళకు పంచవచ్చు. మేకపోతు ఒకసారి విడిచే వీర్యం చెంచా నిండా ఉండదు, ఒక మిల్లీలీటరుకు కొంచెం అటూ ఇటూ. కాని అది చిక్కగా ఉంటుంది. ఒక్క మిల్లీలీటరులో రెండు మూడు వందల కోట్ల కణాలు ఉంటవి. ఒక మేకకు పది కోట్ల కణాల మోతాదు చాలును. అంటే ఒక పూట తీసిన వీర్యం ఇరవై మేకలకు సరిపోతుంది. అయితే ఆ ఇరవై మేకలు ఒకే పొద్దున, ఒకే ఊళ్ళో ఎదకు రావు గదా! అందుచేత బీజాన్ని దాచవలె. వెచ్చగా ఉంచితే కణాలు ఊరికే ఈదులాడి, ఉన్న శక్తి ఖర్చుచేసుకొని, కొన్ని గంటలలో చచ్చిపోతవి. చల్లబరిస్తే నిద్రపోతవి. ఈ మర్మం కనిపెట్టడంతోనే కథ మొదలవుతుంది.

1677లో హాలెండులో లీవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు తాను అరగదీసిన అద్దాలతో వీర్యంలో తోకలాడిస్తూ ఈదే కణాలను చూసి లోకానికి తెలియజేశాడు. తరువాత ఇటలీలో స్పల్లంజాని అనే మతగురువు వచ్చాడు. ఆయన పావియా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు కూడా. 1776లో వీర్యాన్ని మంచులో పెట్టి చల్లబరిస్తే కణాల కదలిక ఆగిపోవడం, మళ్ళీ వెచ్చబరిస్తే కదలడం గమనించి రాశాడు. నాలుగేళ్ళకు, 1780లో, ఒక ఆడకుక్కకు పిచికారీతో వీర్యం ఎక్కించాడు. 62 రోజులకు అది మూడు పిల్లలను పెట్టింది. మన పశువైద్యశాలలో ఇవాళ చూసే పనికి మొదలు అది. 1866లో అదే దేశంలో మాంతెగజా అనే వైద్యుడు, యుద్ధానికి పోయే సిపాయి వీర్యాన్ని గడ్డకట్టించి దాస్తే అతడు చనిపోయినా వారసుడు కలుగుతాడని రాశాడు. ఆ మాట నిజం కావడానికి మరి ఎనభై ఏళ్ళు పైబడి పట్టింది.

పశువులలో ఈ పనిని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది రష్యాలో ఇవనోవ్. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాలలో ఆయన గుర్రాలు, పశువులు, గొర్రెల మీద పనిచేశాడు. 1936లో డెన్మార్కు పాడి రైతులు సహకార సంఘం పెట్టుకొని తొలి ఏడు 1,070 ఆవులకు చేయిస్తే నూటికి 59 చూలు నిలిచినవి. ఆ పని రైతుల సంఘం చేతిలో పడిన తరువాతనే నిలదొక్కుకొన్నదని నా అభిప్రాయం. మన దేశంలో 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో సంపత్‌కుమారన్‌గారు తొలిసారి చేసి చూపారు. 1942లో ఇజత్‌నగర్ పశువైద్య పరిశోధన సంస్థలో భట్టాచార్యగారి ఆధ్వర్యంలో పరిశోధన మొదలయింది. మొదటి పంచవర్ష ప్రణాళికలో కీ విలేజి పథకం వచ్చి కృత్రిమ గర్భోత్పత్తి పల్లెలకు నడిచింది. ఇదంతా ఆవులది, బర్రెలది. మేక ఊసు ఎక్కడా లేదు.

ఆ రోజులలో వీర్యాన్ని గడ్డకట్టించడం లేదు, 5 డిగ్రీల సెంటిగ్రేడు దాకా చల్లబరచి రెండు మూడు రోజులు వాడేవారు. అందులోనూ ఒక చిక్కు ఉన్నది. వెచ్చని వీర్యాన్ని ఒక్కసారిగా చల్లని దానిలో పెడితే కణాలకు చలిదెబ్బ తగులుతుంది. కణం చుట్టూ ఉండే పొర కొవ్వు పదార్థంతో కూడినది. పేరిన నెయ్యి గట్టిపడినట్లు చలికి ఆ పొర బిగుసుకొని బీటలు వారుతుంది. తిరిగి వెచ్చబరిచినా ఆ కణం ఇక లేవదు. దీనికి విరుగుడు అమెరికాలో విస్కాన్సిన్‌లో ఫిలిప్స్, లార్డీ అనేవారు 1940 ప్రాంతంలో కనిపెట్టారు. అదేమిటంటే కోడిగుడ్డు పచ్చసొన! పచ్చసొనలోని లెసిథిన్ మొదలయిన కొవ్వులు కణపు పొరకు కంబళి కప్పినట్లు కాపాడుతవి. మరుసటి సంవత్సరం సాలిస్‌బరీ పచ్చసొనను సిట్రేటు అనే లవణంతో కలిపి వాడాడు. ఆంబోతు వీర్యానికి ఇది అమృతంలా పనిచేసింది. ఈ పచ్చసొన మాట గుర్తుపెట్టుకోండి, ముందు మళ్ళీ వస్తుంది.

ఇక గడ్డకట్టించడం. ఇది మరో మెట్టు. గాజుసీసా నిండా నీళ్ళు పోసి ఫ్రిజ్ పై అరలో మరచిపోతే సీసా పగిలిపోతుంది, మీరు చూసే ఉంటారు. కణం లోపలి నీరు మంచు పలుకులుగా మారితే లోపలి పనిముట్లన్నీ అలాగే చితికిపోతవి. పోనీ, మెల్లగా గడ్డకట్టిద్దామంటే ముందు బయటి నీరు మంచవుతుంది, మిగిలిన ద్రవంలో ఉప్పు చిక్కబడుతుంది. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగినట్లు కణంలో నీరంతా బయటికి లాగబడి కణం ముడుచుకుపోతుంది. త్వరపడితే పగులుడు, నెమ్మదిస్తే ఎండుడు. ఎంతోమంది ఈ రెండింటి మధ్య చిక్కుకొని వదిలేశారు.

దారి చూపింది ఒక పొరపాటు. లండనులో మిల్‌హిల్ పరిశోధనశాలలో పార్క్స్, ఆడ్రీ స్మిత్, పోల్జ్ అనే ముగ్గురు కోడిపుంజు వీర్యం మీద పనిచేస్తున్నారు. పోల్జ్ ఇరవై రెండు మూడేళ్ళ కుర్రవాడు. పండ్లలో ఉండే ఒక రకం చక్కెర ద్రవం కలిపి గడ్డకట్టించి చూశారు, లాభం లేదు. కొన్ని నెలల తరువాత చలిగదిలో దాచిన ఆ చక్కెర సీసానే తీసి మళ్ళీ చేస్తే, ఆశ్చర్యం! కరిగించిన తరువాత కణాలు ఈదుతున్నవి. కొత్తగా చక్కెర ద్రవం కలిపి చేస్తే మళ్ళీ పాత కథే. ఆ సీసాలో ఏమి మహిమ ఉన్నదని మిగిలిన కాస్త ద్రవాన్ని రసాయన పరీక్షకు ఇచ్చారు. అందులో చక్కెరే లేదు! గ్లిసరిన్, గుడ్డు తెల్లసొన, నీళ్ళు ఉన్నవి. సూక్ష్మదర్శిని పలకలు తయారుచేయడానికి వాడే ద్రవం అది. సీసాల మీది చీటీలు తారుమారు అయినవి. 1949లో ‘నేచర్’ పత్రికలో ఈ సంగతి ప్రకటించారు. గ్లిసరిన్ కణం లోపలికి పోయి నీటితో కలిసి మంచు పలుకులు లేవకుండా చూస్తుంది, ఉప్పు ఘాటును కూడా పలుచన చేస్తుంది. మన ఆఫీసులలో చీటీ తప్పు అంటించినవాడికి మెమో ఇస్తారు. ఆ పొరపాటు మాత్రం లోకంలోని పాడి పరిశ్రమనే మార్చేసింది.

1951లో ఇంగ్లండులో గడ్డకట్టిన వీర్యంతో తొలి దూడ పుట్టింది. మొదట గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువులో, సున్నకు దిగువ 79 డిగ్రీల దగ్గర దాచేవారు. తరువాత ద్రవ నత్రజని వచ్చింది. అది సున్నకు దిగువ 196 డిగ్రీలు. ఆ చలిలో కణం లోపల ఏ పనీ జరగదు, కాలమే ఆగిపోయినట్లు. దాచిన ఆంబోతు చనిపోయిన ఎన్నో ఏళ్ళకు కూడా దాని దూడలు పుడుతున్నవి. వీర్యం నింపే సన్నని గొట్టాలకు స్ట్రా అనే పేరు రావడం వెనుక కూడా ఒక ముచ్చట ఉన్నది. డెన్మార్కులో సోరెన్‌సెన్ మొదట వోటు గడ్డి పుల్లలలోనే వీర్యం నింపాడట. తన కూతురి పుట్టినరోజున పిల్లలు గొట్టాలతో పానీయం పీల్చడం చూసి ఆ గొట్టాలకు మారాడని చెబుతారు.

ఇక మన మేక దగ్గరకు వద్దాము. నిజానికి మేక వెనుకబడి ఉండవలసిన పని లేదు. 1950లోనే స్మిత్, పోల్జ్ మేకపోతు వీర్యాన్ని కూడా గ్లిసరిన్‌తో గడ్డకట్టించి, కరిగించిన తరువాత కణాలు బతికి ఉన్నవని ప్రకటించారు. చలికి మేకపోతు బీజం తట్టుకోలేదన్న మాట అప్పుడే తేలిపోయింది. మరి ఎందుకు ఆగింది? ఆంబోతుకు పనికి వచ్చిన వంటకాన్నే మేకపోతుకు వడ్డించారు గనుక. పచ్చసొన, సిట్రేటు, గ్లిసరిన్ కలిపి పెట్టేవారు. కొన్నిసార్లు బాగుండేది, కొన్నిసార్లు గంటలు గడిచేసరికి కణాలు ముద్దలు కట్టి చచ్చేవి. ద్రవం కాస్తా పాలలో తోడు పడినట్లు పేరుకుపోయేది. చాలామంది పనిచేసినవాడి చేతిలో లోపమనుకొన్నారు.

1957లో భారతీయ శాస్త్రజ్ఞుడు ఎ. రాయ్ ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. మేకపోతు వీర్యంలోనూ, కూపర్ గ్రంథి అనే ఒక గ్రంథి స్రావంలోనూ పచ్చసొనను పేరుకొనేట్లు చేసే ఎంజైమ్ ఉన్నదని ఆ వ్యాసం సారాంశం. ఈ గ్రంథులు మగపశువులో మూత్రనాళం పక్కన జంటగా ఉంటవి. వీటి ఊట వీర్యంలో కలుస్తుంది. ఆంబోతులో ఈ బాధ లేదు, మేకపోతులో ఉన్నది. దీనిని 1960ల తొలి సంవత్సరాలలో జపానులో ఇరితాని, నిషికావా మరింత లోతుకు తీసుకుపోయారు. ఆ ఎంజైమ్ పచ్చసొనలోని లెసిథిన్‌ను రెండుగా చీలుస్తుంది. చీలిన ముక్కలలో ఒకటి లైసోలెసిథిన్. అది సబ్బులాంటిది. సబ్బు నూనె మరకను ఎలా కరిగిస్తుందో అది కణపు పొరను అలా కరిగిస్తుంది.

చూశారా విచిత్రం! కణానికి కంబళి అని మనం కప్పిన పచ్చసొననే పోతు సొంత ఊట విషంగా మారుస్తున్నది. తప్పు చలిది కాదు, గ్లిసరిన్‌ది కాదు. అరువు తెచ్చుకొన్న వంటకానిది. ఒక పశువు మందు మరొక పశువుకు కళ్ళు మూసుకొని వాడరాదని మనం రైతులకు రోజూ చెబుతాము. మేకపోతు విషయంలో ఆ సంగతి గ్రహించడానికి చదువుకొన్నవారికే ఏళ్ళు పట్టింది.

కారణం తెలిసిన తరువాత దారులు రెండు మూడు తెరుచుకొన్నవి. మొదటిది కడగడం. వీర్యం తీసిన వెంటనే లవణ ద్రవం కలిపి, గిర్రున తిప్పే యంత్రంలో పెడితే కణాలు అడుగుకు దిగుతవి. మీది ఊటను పారబోసి, కణాలకు మాత్రం కొత్త ద్రవం కలుపుతారు. ఫ్రాన్సులో కొర్తేల్ 1970లలో ఈ పద్ధతిని వెన్న తీసిన పాలు, గ్లూకోజుతో కలిపి స్థిరపరిచాడు. ఆ దేశంలో మేకపాల జున్నుకు మంచి గిరాకీ, కాబట్టి మేక మీద పరిశోధనకు డబ్బు దొరికింది. మన దేశంలో మేక పేదవాడి ఆవు అని పొగుడుతాము, కాని పేదవాడి పశువుకు పరిశోధన నిధులు చివరి బంతిలో వడ్డిస్తాము. ఇది నా సొంత అభిప్రాయం.

కడగడంలో కష్టం లేకపోలేదు. యంత్రం కావలె, కరెంటు కావలె, తిప్పేటప్పుడు కొన్ని కణాలు నష్టపోతవి. 1982లో ఆస్ట్రేలియాలో రిటార్, సలామన్ అంగోరా మేకపోతుల మీద పనిచేసి, పచ్చసొనను బాగా తగ్గించి వేస్తే కడగకుండానే పని జరుగుతుందని చూపారు. పచ్చసొన తక్కువైతే విషమూ తక్కువ అన్నమాట. ఉప్పు ఎక్కువైన కూరలో నీళ్ళు పోయడం కన్న, మొదటే తక్కువ వేయడం మేలు గదా. చాలామందికి ఇదే అనుకూలమయింది.

అయితే పాలైనా నిర్దోషమా? కాదు. పాలలో కలిపినా కొన్ని గంటలకు కణాలు నీరసించడం ఫ్రాన్సు వాళ్ళు గమనించారు. 1982లో ఆ దోషాన్ని కూడా ఆ గ్రంథి ఊటకే అంటగట్టారు. 1997లో దాని గుట్టు బయటపడింది. ఆ ఊటలో కొవ్వును చీల్చే మరొక ఎంజైమ్ ఉన్నది, పాలలో మిగిలిన కాస్త వెన్నను అది చీల్చి కణాలకు హాని చేసే ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఒకే గ్రంథి, రెండు ఆయుధాలు. గుడ్డు పెడితే ఒకదానితో కొడుతుంది, పాలు పోస్తే రెండవదానితో కొడుతుంది! 1950లో మొదలయిన ముడి పూర్తిగా విడిపోయేసరికి దగ్గర దగ్గర యాభై ఏళ్ళు గడిచినవి.

మన దేశంలో 1979లో ఉత్తరప్రదేశ్‌లో మథుర దగ్గర మఖ్దూం అనే చోట కేంద్ర మేకల పరిశోధన సంస్థ ఏర్పడింది. జమునాపారి, బార్బరీ మొదలయిన మన జాతుల పోతుల వీర్యాన్ని గడ్డకట్టించే పని అక్కడ జరిగింది. మన తెలంగాణకు దగ్గరది ఉస్మానాబాదీ జాతి. నల్లని మేక, మరాఠ్వాడాతో పాటు మన సరిహద్దు జిల్లాలలోనూ కనిపిస్తుంది. బయటి జాతి పోతు కోసం పరుగెత్తేముందు మన ఎండకు, మన తుమ్మచెట్టుకు అలవాటు పడిన ఈ జాతిలోనే మేలైన పోతును ఎంచుకోవడం మంచిదని నేను నమ్ముతాను.

ఇక నా తప్పు సంగతి. అవ్వ ప్రశ్న అడిగిన మరుసటి ఏడు చల్లబరచిన మేకపోతు వీర్యం కొన్ని మోతాదులు దొరికే అవకాశం వచ్చింది. నాకు ఉత్సాహం ఎక్కువయింది. అవ్వ ఇంటికి పోయి, “అవ్వా, నీ మేకలకు సూది వస్తున్నది. ఇక ఆ బక్కపోతును మేపడం దండుగ” అన్నాను. నా మాట నమ్మి ఆమె పోతును అమ్మేసింది.

వీర్యం ఇచ్చినవారు చిన్న సీసాకు దూది చుట్టి, ఫ్లాస్కులో మంచు మీద అట్టముక్క వేసి, దానిపై సీసాను పెట్టి ఇచ్చారు. దూది తీయవద్దని మరీ మరీ చెప్పారు. బస్సులో మే నెల ఎండ. దారిలో ఒకసారి మూత తీసి చూస్తే మంచు కరుగుతున్నది. వీర్యం వేడెక్కిపోతుందేమోనని కంగారుపడి, దూది, అట్ట తీసివేసి సీసాను సూటిగా మంచుముక్కల మధ్య దోపాను. చలి ఎంత ఎక్కువైతే అంత మంచిదని నా తెలివి! ఊరు చేరాము. పశువైద్యుడు ఎదలో ఉన్న తొమ్మిది మేకలకు వేశాడు. మిగిలిన బొట్టును సాయంత్రం ఆస్పత్రిలో సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఒక్క కణమూ కదలడం లేదు. చలిదెబ్బ! స్పల్లంజాని కాలం నుండి వచ్చిన పాఠమంతా నేను ఒక్క బస్సు ప్రయాణంలో మరచిపోయాను.

ఇరవై ఒక్క రోజులకు తొమ్మిదీ మళ్ళీ ఎదకు వచ్చినవి. ఇంట్లో పోతు లేదు. అవ్వ పక్క ఊరి నుండి పోతును అడిగి తెచ్చుకొనేలోపు మరొక ఎద దాటిపోయింది. మేక అయిదు నెలలు మోసి ఈనుతుంది. నెలన్నర ఆలస్యమైతే పిల్లలు అమ్మకానికి వచ్చే వేళ పండుగ దాటిపోతుంది. ఆ ఏడు ఆమెకు ఆ నష్టం జరిగింది. నేను పోయి క్షమించమని అడిగితే, “నీ జీతం నీకొస్తది బిడ్డా. నా పండుగ మళ్ళ రాదు” అన్నది. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ బాధ కలిగింది.

తోటి ఉద్యోగులకు నేను గట్టిగా చెప్పేది ఇది. సూది వస్తున్నదని రైతుచేత పోతును అమ్మించవద్దు. చూలు నిలవనివాటికి పోతు కావలె. అదొక్కటే కాదు, ఎద కనిపెట్టడానికి పోతును మించిన సాధనం లేదు. పోతు కడుపు కింద గోనెపట్టా కట్టి మందలో వదిలితే, అది దాటలేదు గాని ఎదలో ఉన్న మేక వెంట పడుతుంది. మన కంటికి కనపడే గుర్తులు కూడా ఉన్నవి, మాటిమాటికీ అరవడం, తోక టపటప ఆడించడం, తీగ వేయడం. మేక ఎద ఒకటి రెండు రోజులే నిలుస్తుంది. గడ్డకట్టించి కరిగించిన కణాలు తాజా కణాలంత కాలం బతకవు. కనుక పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి పొద్దున వేయించవలె. స్ట్రాను నత్రజని పాత్ర నుండి తీసిన వెంటనే 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో అర నిమిషం ఉంచి, తుడిచి, ఎండ తగలకుండా వెంటనే వాడవలె. జేబులో పెట్టుకొని టీ తాగి వచ్చే పని కాదు. ఆవుకైతే చెయ్యి లోపల పెట్టి గర్భాశయ ముఖాన్ని పట్టుకోవచ్చు. మేకకు అది కుదరదు. వెనుక కాళ్ళు ఎత్తి పట్టుకొని, దీపం వెలుతురులో ముఖద్వారం చూసి, మెల్లగా పోనివ్వవలె. ఆవుకు వేసే చెయ్యి మేకకు వెంటనే అలవాటు పడదు, నేర్చుకోవలె. ఇంత చేసినా తాజా వీర్యంతో, పోతుతో నిలిచినంత చూలు గడ్డకట్టిన వీర్యంతో నిలవదు. ఆ మాట రైతుకు ముందే చెప్పండి.

రెండేళ్ళు ఆగి, ఈసారి ద్రవ నత్రజని పాత్రలో ఉస్మానాబాదీ పోతు స్ట్రాలు తెప్పించి పశువైద్యుడితో మళ్ళీ అవ్వ ఇంటికి పోయాను. ఆమె కొత్త పోతును కొని పెట్టుకొన్నది. “దీన్ని అమ్మమంటవా?” అని ముందే అడిగింది. వద్దన్నాను. పట్టా కట్టిన పోతు ఎద చూపించింది, మూడు రోజులలో ఏడు మేకలకు వేశాము. మూడు నిలిచినవి. మిగిలిన నాలుగింటిని పోతు చూసుకొన్నది.

పని జరుగుతుండగా, ఇన్నాళ్ళూ మేకకు సూది ఎందుకు రాలేదో అవ్వకు చెప్పాను. గుడ్డు సొన, పోతు ఊట, విషం, అన్నీ చెప్పి, “కాబట్టి నీ మేక ఏ పాపమూ చేయలేదు అవ్వా, తప్పంతా పోతుదే” అన్నాను. అవ్వ నవ్వి, “అది చెప్పనీకి ఇన్ని దేశాలు తిరిగిన్రా సారూ?” అన్నది.

ఆ మూడు ఈతలలో పుట్టిన పోతుపిల్లలలో ఒకటి మూడో నెలకే మిగతా వాటికన్న జానెడు ఎత్తు ఎదిగింది. బేరగాడు రెండుసార్లు వచ్చిపోయాడు. మొన్న నేను పోయినప్పుడు దాని మెడలో ఎర్రదారం ఉన్నది, గుంజకు కట్టి ఉన్నది. తుమ్మకాయలు వేరుగా దానికే పెడుతున్నది అవ్వ.